ఎర్రదీపం వెలిగితే బండి ఆపండి

పాత జీపులో ఆయిల్ ప్రెషర్ ఎందుకు తగ్గుతుంది? తగ్గితే ఏం చేయాలి?

బస్సు రాని ఊళ్లు ఇంకా ఉన్నాయి. కొండల మీద ఉన్నాయి. వాగుల అవతల ఉన్నాయి. అలాంటి ఊళ్లకు జీపే దిక్కు. చింతపండు, పసుపు సంతకు పోవాలన్నా జీపే. పురిటి నొప్పులు పడుతున్న తల్లిని ఆసుపత్రికి చేర్చాలన్నా జీపే.

ఈ జీపులు చాలావరకు పాతవి. ఇరవై, ముప్పై ఏళ్లు తిరిగినవి. అప్పు తెచ్చి కొన్నవి. బండి నడిపేది తమ్ముడో, కొడుకో, పెనిమిటో కావచ్చు. కానీ వాయిదా కట్టే రోజు వస్తే చీర కొంగున ముడి విప్పేది ఇంటి ఆడదే. అందుకే బండి సంగతి ఆమెకూ తెలియాలి. ఇంజను పాడైతే పోయేది ఆమె కష్టమే.

ఇంజను పాడయ్యే ముందు చెప్పే పాడవుతుంది. ఎలా చెబుతుంది? డ్రైవరు ముందున్న పలక మీద చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. లేదా గేజిలో ముల్లు సున్నా వైపు పడిపోతుంది. ఆ మాట వినాలి. విని అర్థం చేసుకోవాలి.

ఈ జీపు ఎక్కడిది?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి గట్టి బండి కావలసి వచ్చింది. రోడ్డు లేని చోట కూడా నడవాలి. నాలుగు చక్రాలూ లాగాలి. 1941 నుంచి విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆ బండ్లను పెద్ద ఎత్తున చేశాయి. యుద్ధం ముగిసేసరికి ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి. 1940ల చివరలో మహీంద్రా కంపెనీ మన దేశంలో జీపులు బిగించడం మొదలుపెట్టింది. మొదట్లో పెట్రోలు ఇంజన్లు ఉండేవి. తర్వాత డీజిల్ ఇంజన్లు వచ్చాయి.

ఇంజన్లు రకరకాలు. కానీ వాటిలో ఆయిల్ నడిచే తీరు దాదాపు ఒక్కటే. ఒకటి తెలిస్తే మిగతావి కూడా అర్థమవుతాయి.

ఆయిల్ ఏం చేస్తుంది?

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెడతారు. ఎందుకు? పెట్టకపోతే బండి కీచుమంటుంది. ఇరుసు అరుగుతుంది. ఎడ్లకు భారమవుతుంది.

ఎడ్లబండి చక్రం మెల్లగా తిరుగుతుంది. పొద్దున పెట్టిన కందెన సాయంత్రం దాకా సరిపోతుంది. జీపు ఇంజనులో ఇరుసు లాంటిది ఒకటి ఉంది. దాన్ని క్రాంకు అంటారు. బండి నిలబడి ఉన్నప్పుడే అది నిమిషానికి ఆరేడు వందల సార్లు తిరుగుతుంది. రోడ్డు మీద పరుగెడితే రెండు వేల సార్లు దాటుతుంది. దానికి ఒకసారి కందెన పూసి ఊరుకుంటే చాలదు. ఆగకుండా ఆయిల్ అందుతూ ఉండాలి.

ఆయిల్ నాలుగు పనులు చేస్తుంది.

ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యలో పొరలా నిలుస్తుంది.

వేడిని మోసుకుపోతుంది.

మసిని, పొడిని తనతో తీసుకుపోయి ఫిల్టరులో వదులుతుంది.

లోపలి భాగాలకు తుప్పు పట్టనివ్వదు.

మనిషికి నెత్తురు ఎలాగో ఇంజనుకు ఆయిల్ అలాగ.

ప్రెషర్ అంటే ఏమిటి?

ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు ఉందనుకోండి. గొట్టం బాగుంటే ఆఖరి వీధి కుళాయికి కూడా నీళ్లు వస్తాయి. గొట్టానికి దారిలో చిల్లులు పడ్డాయి. అప్పుడేమవుతుంది? నీళ్లన్నీ దారిలోనే కారిపోతాయి. ఆఖరి వీధి బిందెలు ఖాళీగా ఉంటాయి. ట్యాంకులో నీళ్లున్నాయి. కానీ తోసే బలం లేదు. ఆ బలమే ప్రెషర్.

ఇంజనులోనూ అంతే. కింద తొట్టి ఉంటుంది. దాన్ని మెకానిక్కులు చాంబరు అంటారు. అందులో నాలుగైదు లీటర్ల ఆయిల్ ఉంటుంది. అది ఇలా నడుస్తుంది:

1. చాంబరు అడుగున జల్లెడ ఉంటుంది. ఆయిల్ మొదట దాని గుండా పోతుంది.

2. పంపు ఆ ఆయిల్‌ను పీల్చి పైకి తోస్తుంది.

3. ఒత్తిడి మరీ ఎక్కువైతే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. ఎక్కువైన ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తుంది.

4. ఫిల్టరు మురికిని పట్టుకుంటుంది.

5. సన్నని దారుల్లో ఆయిల్ క్రాంకు బేరింగులకు చేరుతుంది.

6. చివరగా ఇంజను పై భాగానికి ఎక్కుతుంది. అక్కడి నుంచి కిందికి జారి మళ్లీ చాంబరులో పడుతుంది.

క్రాంకుకూ బేరింగుకూ మధ్య కొద్దిగా సందు ఉంటుంది. ఆ సందు తల వెంట్రుక మందం కన్నా ఎక్కువ ఉండదు. సందు అంత సన్నగా ఉంటేనే ప్రెషర్ నిలుస్తుంది. బేరింగు అరిగితే సందు పెరుగుతుంది. సందు రెట్టింపు అయితే కారిపోయే ఆయిల్ రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు కావచ్చు. అందుకే కొంచెం అరుగుదలకే ముల్లు బాగా పడిపోతుంది.

దీపం, ముల్లు చదవడం

కొన్ని జీపులకు ఎర్రదీపం ఉంటుంది. తాళం తిప్పగానే అది వెలగాలి. ఇంజను స్టార్టయిన కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. తాళం తిప్పినా వెలగకపోతే మంచిదని అనుకోవద్దు. బల్బు మాడిపోయి ఉండవచ్చు. తీగ తెగి ఉండవచ్చు. అప్పుడు ఆపద వచ్చినా చెప్పేవాళ్లు ఉండరు.

కొన్ని జీపులకు గేజి ఉంటుంది. దాని మీద 0, 20, 40, 60 అని అంకెలుంటాయి. చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అని దాని అర్థం. అంకెలు వచ్చిన ఎవరైనా దాన్ని చదవవచ్చు.

పొద్దున ఇంజను చల్లగా ఉంటుంది. ఆయిల్ చిక్కగా ఉంటుంది. ముల్లు పైన ఉంటుంది. బండి నడిచి వేడెక్కాక ఆయిల్ పలచబడుతుంది. ముల్లు కొంత దిగుతుంది. ఇది జబ్బు కాదు. చాలా పాత జీపుల్లో వేడెక్కిన ఇంజను నిలకడగా తిరుగుతుంటే 10 పౌండ్ల దగ్గర ఉన్నా ఫరవాలేదు. రోడ్డు మీద పోతుంటే 30, 40 మధ్య ఉండాలి. మెకానిక్కులు ఒక మోటు లెక్క చెబుతారు. నిమిషానికి ప్రతి వెయ్యి చుట్లకు 10 పౌండ్లు. అయితే ఏ ఇంజను లెక్క దానిది. బండితో వచ్చిన పుస్తకంలో ఉన్న అంకే అసలు అంకె.

మొదటి పని ఇంజను ఆపడం

నడుస్తున్న బండిలో ఎర్రదీపం వెలిగింది. ముల్లు సున్నాకు పడింది. ఏం చేయాలి?

బండి పక్కకు తీయాలి. వెంటనే ఇంజను ఆపేయాలి. హ్యాండు బ్రేకు వేయాలి. వాలు మీద ఉంటే చక్రం కింద రాయి పెట్టాలి.

"ఊరు దగ్గరే కదా, మెల్లగా పోదాం" అని డ్రైవరు అనవచ్చు. ఒప్పుకోవద్దు. నిజంగా ప్రెషర్ పోయి ఉంటే కొద్ది నిమిషాల్లోనే బేరింగులు కాలిపోతాయి. క్రాంకు గీతలు పడుతుంది. ఇంజను బిగుసుకుపోతుంది. రెండు కిలోమీటర్లు నడవడానికి బద్ధకిస్తే ఏడాది సంపాదన పోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ఆయిల్ పుల్ల తీసి చూడండి

ఇంజను ఆపి పది నిమిషాలు ఆగాలి. పైన ఉన్న ఆయిల్ కిందికి దిగాలి. బండి చదునైన చోట ఉండాలి. వాలు మీద ఉంటే లెక్క తప్పుతుంది.

ఇంజను పక్కన పొడుగాటి ఇనుప పుల్ల ఉంటుంది. దాన్ని డిప్‌స్టిక్కు అంటారు. బయటికి లాగాలి. గుడ్డతో తుడవాలి. మళ్లీ పూర్తిగా లోపలికి దించి తీయాలి. పుల్ల మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెండు గీతల మధ్య ఉండాలి.

కింది గీత కన్నా తక్కువుందా? అదే కారణం కావచ్చు. ఆయిల్ తక్కువైతే ఎగుడుదిగుడు దారిలో ఒక పక్కకు పోతుంది. అప్పుడు పంపు గాలి పీలుస్తుంది. కొండ ఎక్కేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు మాత్రమే దీపం మినుకుమంటే ఇదే అనుమానించాలి.

సరైన రకం ఆయిల్ పోయాలి. పై గీత దాటనివ్వకూడదు. ఎక్కువ పోస్తే మేలని కొందరు అనుకుంటారు. అది తప్పు. ఆయిల్ మరీ ఎక్కువైతే తిరిగే క్రాంకు దాన్ని కవ్వంలా చిలుకుతుంది. నురగ వస్తుంది. నురగలో ఉండేది గాలి. గాలి ఇనుమును కాపాడదు.

ఆయిల్ పోసి ఊరుకోవద్దు. ఉన్న ఆయిల్ ఎక్కడికి పోయింది? బండి నిలిపిన చోట నేల చూడండి. నల్ల మరకలున్నాయా? అయితే కారుతోంది. పొగ గొట్టం నుంచి నీలం పొగ వస్తోందా? అయితే లోపల కాలిపోతోంది.

రంగు చూడండి, వాసన చూడండి

పుల్ల మీది ఆయిల్ చాలా సంగతులు చెబుతుంది. చూసేటప్పుడు దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

డీజిల్ బండి ఆయిల్ నల్లగా ఉంటే భయపడవద్దు. డీజిల్ మసి వల్ల అది తొందరగానే నల్లబడుతుంది.

పాలు కలిపిన టీ రంగులో ఉందా? అందులో నీళ్లు కలిశాయి. హెడ్డు గ్యాస్కెటు పోయి ఉండవచ్చు. లోతైన వాగు దాటినప్పుడు నీళ్లు చేరి ఉండవచ్చు. ఆ ఆయిల్‌తో బండి నడపకూడదు.

పెట్రోలు వాసన, డీజిల్ వాసన వస్తోందా? పోయకుండానే ఆయిల్ మట్టం పెరిగిందా? అయితే ఇంధనం ఆయిల్‌లో కలుస్తోంది. పాత పెట్రోలు జీపుల్లో పెట్రోలు పంపు లోపలి పొర చిరిగితే ఇలా అవుతుంది. డీజిల్ బండిలో ఇంజెక్టరు కారితే ఇలా అవుతుంది. ఆయిల్ పలచబడి ప్రెషర్ పడిపోతుంది. ముందు ఆ కారుడు ఆపాలి. తర్వాతే ఆయిల్ మార్చాలి.

డబ్బా మీది అంకెలు చదవండి

ఆయిల్ డబ్బా మీద 20డబ్ల్యు-40 అనో, 15డబ్ల్యు-40 అనో ఉంటుంది. డబ్ల్యు అంటే చలికాలం. ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత చిక్కనో చెబుతుంది. వెనకున్న అంకె వేడిలో ఎంత చిక్కనో చెబుతుంది. అంకె పెద్దదైతే చిక్కదనం ఎక్కువ.

మన వేడి ప్రాంతాల్లో పాత జీపులకు 20డబ్ల్యు-40 చాలామంది వాడతారు. కొత్త కార్లకు 5డబ్ల్యు-30 లాంటి పలచని ఆయిల్ వస్తుంది. దాన్ని తెచ్చి పాత జీపులో పోస్తే వేడికి ప్రెషర్ తగ్గుతుంది. బండి పుస్తకంలో ఏ అంకె ఉందో చూడాలి. దుకాణంలో అదే అడగాలి. సీలు ఉన్న డబ్బానే కొనాలి. చీటీ తీసుకోవాలి.

ముల్లు నిజం చెబుతోందా?

ఆయిల్ నిండుగా ఉంది. రంగు బాగుంది. అయినా దీపం వెలుగుతోంది. అప్పుడు వెంటనే ఇంజను విప్పాలా? విప్పక్కర్లేదు. ముందు దీపం నిజం చెబుతోందా, అబద్ధం చెబుతోందా తేల్చుకోవాలి.

ఇంజను పక్కన చిన్న స్విచ్చి ఉంటుంది. దాని నుంచి దీపానికి ఒక తీగ పోతుంది. ప్రెషర్ లేనప్పుడు ఆ స్విచ్చి దీపాన్ని వెలిగిస్తుంది. ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పండి. దీపం వెలుగుతుంది. ఇప్పుడు స్విచ్చి దగ్గర తీగ ఊడదీయండి. తీగ దేనికీ తగలనివ్వవద్దు. దీపం ఆరిపోయిందా? తీగ బాగానే ఉంది. ఆరలేదా? తీగ ఎక్కడో ఒరుసుకుపోయి ఇనుముకు తగులుతోంది.

తీగ బాగున్నంత మాత్రాన స్విచ్చి బాగుందని కాదు. స్విచ్చి చెడిపోయి ఉండవచ్చు. నిజంగానే ప్రెషర్ లేకపోయి ఉండవచ్చు. ఇది తేల్చడానికి ఒకటే దారి. స్విచ్చి విప్పి, ఆ చోట మంచి గేజి బిగించి చూడాలి. పెద్ద షెడ్డుల్లో ఈ పరీక్ష గేజి ఉంటుంది. పని అరగంటది.

ఒక ఊరి మహిళా సంఘం జీపు షెడ్డుకు వచ్చిందనుకుందాం. సంఘం అక్కకూ మెకానిక్కుకూ మాటలు ఇలా నడుస్తాయి.

"ఇంజను పోయిందక్కా. దింపాలి. బోరు చేయించాలి. వేలల్లో అవుతుంది."

"దింపుదువు గాని తమ్ముడూ. ముందు వేరే గేజి పెట్టి చూడు. ముల్లు ఎంత దగ్గరుందో నేను రాసుకుంటా."

"ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్నానక్కా. నాకు తెలీదా?"

"నీకు తెలుసయ్యా. మాకు తెలియాలి కదా. వాయిదా కట్టేది మేమే గదా."

గేజి పెట్టారు. ఇంజను వేడెక్కే దాకా తిప్పారు. నిలకడలో 12 చూపించింది. వేగం పెంచితే 38 చూపించింది. ఇంజను బాగానే ఉంది. చెడింది స్విచ్చి. కొత్తది వేశారు. ఖర్చు వందల్లో పోయింది.

అదే గేజి నిలకడలో 3, వేగంలో 12 చూపిస్తే? అప్పుడు మెకానిక్కు మాట నిజం. ఇంజను లోపల జబ్బు ఉంది. తప్పు మెకానిక్కుదని కాదు. కొలవకుండా చెప్పిన మాట మీద డబ్బు పెట్టకూడదు. అంతే.

ఎప్పుడు తగ్గుతోంది?

డాక్టరు దగ్గరికి పోతే ఏమడుగుతాడు? జ్వరం పొద్దున వస్తోందా, రాత్రి వస్తోందా అని అడుగుతాడు. ఇంజనుకూ అలాగే అడగాలి.

చల్లగా ఉన్నప్పుడు బాగుంది. వేడెక్కి నిలకడగా తిరుగుతుంటే పడిపోతోంది. అయితే ఆయిల్ పలచనై ఉండాలి, లేదా బేరింగులు అరిగి ఉండాలి.

వేగం పెంచేకొద్దీ పడిపోతోంది. అయితే చాంబరులో జల్లెడ మూసుకుపోయి ఉండవచ్చు. పంపుకు కావలసినంత ఆయిల్ అందడం లేదు.

చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా, ఎప్పుడూ తక్కువే. అయితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండవచ్చు. పంపు అరిగి ఉండవచ్చు.

ముల్లు ఎగిరెగిరి పడుతోంది. అయితే ఆయిల్ తక్కువై ఉండాలి, లేదా తీగ వదులై ఉండాలి.

రాతి దెబ్బ తగిలిన తర్వాత తగ్గింది. అయితే బండి కిందికి వంగి చాంబరు చూడండి. అది సొట్టపడి జల్లెడకు ఆనుకుంటే ఆయిల్ పీల్చే దారి మూసుకుపోతుంది. కొండ దారుల్లో ఇది జరిగేదే.

చెవి కూడా పెట్టండి. ఇంజను కింది నుంచి బరువుగా టక్ టక్ అని వస్తే బేరింగులు దెబ్బతిని ఉండవచ్చు. అలాంటి బండిని నడిపించి షెడ్డుకు తీసుకుపోకూడదు. తాడు కట్టి లాగించుకుపోవాలి.

తక్కువ ఖర్చు పని ముందు, ఎక్కువ ఖర్చు పని వెనక

మొదట ఆయిల్, ఫిల్టరు మార్చాలి. ఫిల్టరు మంచిదై ఉండాలి. వేడి ఇంజనుతో మళ్లీ గేజి చూడాలి.

తగ్గకపోతే రిలీఫ్ వాల్వు విప్పి చూడాలి. ఇది వంటింట్లో కుక్కరు వెయిటు లాంటిది. ఆవిరి ఎక్కువైతే వెయిటు లేస్తుంది. వెయిటు కింద మెతుకు ఇరుక్కుంటే? ఆవిరి ఊరికే పోతుంది, పప్పు ఉడకదు. రిలీఫ్ వాల్వులోనూ అంతే. నలక ఇరుక్కుంటే అది మూసుకోదు. ఆయిల్ వెనక్కి పోతూనే ఉంటుంది. కడిగి శుభ్రం చేయాలి. స్ప్రింగు నీరసపడితే కొత్తది వేయాలి.

అప్పటికీ కుదరకపోతే చాంబరు దింపాలి. జల్లెడకు పట్టిన జిడ్డు మట్టి కడగాలి. పీల్చే గొట్టానికి పగులు ఉందేమో చూడాలి. పంపు పళ్లు అరిగాయేమో కొలవాలి. చాలా జీపుల్లో ఇంత పనికి ఇంజను మొత్తం దింపనక్కరలేదు.

చాంబరు దింపినప్పుడే బేరింగు టోపీలు విప్పి చూడాలి. బేరింగు లోపలి వైపు బూడిద రంగులో నున్నగా ఉంటే మంచిది. రాగి రంగు బయటపడితే పై పొర అరిగిపోయినట్టు. క్రాంకును కొలతపెట్టి చూడాలి. క్రాంకు నున్నగా, గుండ్రంగా ఉంటే కొత్త బేరింగులు వేస్తే చాలు. గీతలు పడితే దాన్ని సాన పట్టించాలి. అప్పుడు 10, 20, 30 అనే సైజుల్లో మందం ఎక్కువ బేరింగులు వేస్తారు. ఏ సైజు వేశారో చీటీ మీద రాయించుకోవాలి. మళ్లీ పని పడితే ఆ అంకె కావాలి.

మోసపోకండి

"ప్రెషర్ లేదు, బోరు చేయించాలి" అని ఎవరైనా అంటే ఒక ప్రశ్న వేయండి: "బోరుకూ ప్రెషర్‌కూ ఏం సంబంధం?"

బోరు అంటే పిస్టను ఆడే గొట్టం. అది అరిగితే పొగ వస్తుంది. ఆయిల్ కాలిపోతుంది. బండి లాగదు. ప్రెషర్ నిలబెట్టేవి మాత్రం పంపు, వాల్వు, బేరింగులు. బోరు చేయించి బేరింగులు పాతవే ఉంచితే డబ్బు పోతుంది, ప్రెషర్ రాదు. బోరు కూడా అరిగి ఉంటే ఆ పని వేరే చెప్పాలి. దానికి వేరే కొలతలు చూపించాలి.

ఇంకొక ఉపాయం ఉంది. వాల్వు స్ప్రింగు కింద వాషర్లు పెట్టి ముల్లు పైకి లేపుతారు. కొన్ని ఇంజన్లలో కంపెనీ లెక్క ప్రకారం పలచని వాషర్లు పెట్టే పద్ధతి ఉంది. అది వేరు. అరిగిన బేరింగులను దాచడానికి పెట్టడం వేరు. కుక్కరు మూత రబ్బరు పోయింది. పక్కల నుంచి ఆవిరి పోతోంది. వెయిటు మీద రాయి పెడితే పప్పు ఉడుకుతుందా? ఉడకదు. ఇదీ అంతే. వేడి ఇంజను నిలకడలో ఉన్నప్పుడు వాల్వు ఎలాగూ మూసుకునే ఉంటుంది. ఆయిల్ పోతున్నది బేరింగుల సందుల్లోంచి.

మరీ చిక్కటి ఆయిల్ పోసి బండి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. పాత జీపు కొనేటప్పుడు చల్ల ఇంజను చూసి సంతోషపడవద్దు. అరగంట తిప్పించండి. వేడెక్కాక ముల్లు చూడండి. అప్పుడే బేరం మాట్లాడండి.

మరమ్మతు అయ్యాక

పంపు విప్పి బిగిస్తే అందులో గాలి ఉంటుంది. బిగించే ముందే పంపులో ఆయిల్ నింపాలి. ఇంజను అంటుకోకుండా కాసేపు సెల్ఫు కొట్టాలి. ముల్లు కదిలాకే స్టార్టు చేయాలి. లేదంటే కొత్త బేరింగులు మొదటి నిమిషంలోనే ఎండిపోయి అరుగుతాయి.

తీసిన పాత ఆయిల్‌ను బావి దగ్గర, కాలువలో, చేలో పోయకూడదు. నీళ్లు పాడవుతాయి. మూత ఉన్న డబ్బాలో పోసి పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వాలి. ఒంటికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి.

బండికి ఒక నోటు పుస్తకం

చదువు వచ్చింది కదా. బండికి ఒక నోటు పుస్తకం పెట్టండి. అందులో ఇవి రాయండి:

తేదీ.

ఎన్ని కిలోమీటర్లు తిరిగింది.

పుల్ల మీద ఆయిల్ ఎక్కడుంది.

ఎంత ఆయిల్ పోశారు, ఏ రకం పోశారు.

వేడెక్కాక ముల్లు నిలకడలో ఎంత, వేగంలో ఎంత.

వారానికి ఒకసారి రాస్తే చాలు. పోయిన నెల 15, ఈ నెల 11, వచ్చే నెల 8. ఇలా అంకె దిగుతూ ఉంటే పుస్తకమే చెబుతుంది, బేరింగులు అరుగుతున్నాయని. దీపం వెలిగే దాకా ఆగక్కర్లేదు. సంత లేని వారం చూసుకుని, డబ్బు సర్దుకుని, పని చేయించుకోవచ్చు. బండి నడిదారిలో ఆగదు. లోపల పురిటి నొప్పులు పడే తల్లి ఉన్నప్పుడు అసలే ఆగకూడదు.

సంఘంలో చదివి మాట్లాడుకోండి

1. ఎర్రదీపం వెలిగితే మొదట చేయవలసిన పని ఏమిటి?

2. ఆయిల్ పై గీత దాటి పోస్తే ఏమవుతుంది?

3. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే కారణం ఏమిటి?

4. ఇంజను విప్పే ముందు పరీక్ష గేజి ఎందుకు పెట్టాలి?

5. బోరు అరిగితే కనిపించే గుర్తులు ఏవి? బేరింగులు అరిగితే కనిపించే గుర్తులు ఏవి?

6. మీ ఊరి జీపు దగ్గరికి వెళ్లండి. డిప్‌స్టిక్కు ఎక్కడుందో చూపించమని అడగండి. రెండు గీతల మధ్య ఆయిల్ ఎక్కడుందో చూసి రాయండి.